శీతల పానీయపు సీసాలో యాసిడ్: ఈ అలవాటు ఇంకెన్నాళ్ళు?

మండపేటలో ఏ వీధి మొగనైనా సరే, ఒక చిన్న కిరాణా దుకాణం ముందు నిలబడి యాసిడ్ సీసా ఒకటి కావాలని అడిగి చూడండి. పాతిక ముప్పై రూపాయలు ఇచ్చిన మరుక్షణం ఒక ప్లాస్టిక్ సీసా మీ చేతిలో ఉంటుంది. దాని మీద పేరుండదు, తయారు చేసినవారి చిరునామా ఉండదు, గాఢత ఎంతో ఉండదు, ప్రమాద చిహ్నం అసలే ఉండదు. నిన్నమొన్నటి వరకు ఆ సీసాలో తాగే నీళ్ళో, నిమ్మరుచి శీతల పానీయమో ఉండేది. ఇప్పుడు అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంది. కొన్నవారి వయస్సు ఎంతో దుకాణదారు అడగడు. ఎందుకు కొంటున్నారో అడగడు. ఎక్కడా రాసుకోడు. రామచంద్రపురంలో అయినా, రావులపాలెంలో అయినా, రాజమహేంద్రవరంలో అయినా ఇదే తంతు. కొన్ని వీధుల్లో దుకాణం దాకా వెళ్ళే శ్రమ కూడా లేదు. ఫినాయిల్, యాసిడ్ అని కేక వేసుకుంటూ సైకిలు మీద గుమ్మంలోకే వచ్చి పోసి వెళతారు.

ఇది మన దేశంలో పదేళ్ళకు పైగా నిషిద్ధమైన వ్యాపారం. 2013 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం యాసిడ్ అమ్మే ప్రతి వ్యక్తీ ఒక రిజిస్టరు నిర్వహించాలి. కొన్నవారి పేరు, చిరునామా, పరిమాణం అందులో నమోదు చేయాలి. ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు చూపించి, కారణం చెప్పిన తరువాతే సరుకు ఇవ్వాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి అమ్మరాదు. తన వద్ద ఎంత నిల్వ ఉన్నదో పదిహేను రోజులలోగా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ఉల్లంఘిస్తే యాభై వేల రూపాయల వరకు జరిమానా. మీరు యాసిడ్ కొన్న దుకాణంలో ఆ రిజిస్టరును ఎన్నడైనా చూశారా? నేను అడిగిన ప్రతిచోటా నాకు ఎదురైనది ఒక నవ్వు మాత్రమే. "మీరు కూడానా డాక్టరుగారూ, బాత్‌రూము కడుక్కోవడానికి ఆధార్ కార్డేమిటండీ" అన్నారు ఒకరు.

ఆ నవ్వు మీదనే ఈ వ్యాసం.

ముందుగా ఒక అపార్థం తొలగించుకుందాం. ఆమ్లం అనగానే ఉలిక్కిపడవలసిన పని లేదు. పులుపు రుచి ఉన్న ప్రతి పదార్థంలోనూ ఏదో ఒక ఆమ్లం ఉంటుంది. నీటిలో కరిగినప్పుడు హైడ్రోజన్ అయాన్లను విడుదల చేసే పదార్థమే ఆమ్లమని స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆరీనియస్ పందొమ్మిదవ శతాబ్ది చివరిలో నిర్వచించాడు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం ఉంది, పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఉంది. మన గోదావరి మండలాల్లో పూర్వం ప్రతి వంటింటి మూలనా ఉండిన తరవాణి కుండలో పులిసినది కూడా ఈ లాక్టిక్ ఆమ్లమే. ఆ పులుపు వల్లనే అందులో హానికరమైన సూక్ష్మజీవులు పెరగలేకపోయేవి. పులస పులుసు మరునాటికి మరింత రుచిగా ఉంటుందని చెప్పుకునే మన మాటలో నాలుకకు సంబంధించిన సత్యం ఎంత ఉన్నదో, చింతపండు పులుపు చేపను చెడిపోనివ్వదన్న రసాయన సత్యమూ అంతే ఉంది. ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే ఎందుకు మెరుస్తుంది? దాని మీద పేరుకున్న ఆక్సైడు పొరను ఆమ్లం కరిగిస్తుంది కనుక.

మందుల అలమరలోనూ ఆమ్లాలే. గర్భిణులకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది ఫోలిక్ ఆమ్లం. దానిని ప్రయోగశాలలో తయారు చేసిన అమెరికాలోని లెడర్లే సంస్థ బృందానికి సారథ్యం వహించినది 1895లో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని సలహా మేరకు వేసుకునే ఆస్పిరిన్ అసలు పేరు అసిటైల్ సాలిసిలిక్ ఆమ్లం. దానిని గోదావరికి ఆవలి ఒడ్డున తణుకులో ఆంధ్రా షుగర్స్ వారు దశాబ్దాలుగా తయారు చేస్తున్నారు. వరి పొలానికి వేసే సూపర్ ఫాస్ఫేటు తయారు కావాలంటే గంధకామ్లం లేనిదే పని జరగదు. ఆమ్లం లేని నాగరికత లేదు, ఆమ్లం లేని శరీరమూ లేదు. కనుక "శరీరంలో ఆమ్లం పెరిగిపోయింది, మా క్షార జలం తాగండి" అంటూ వేల రూపాయల యంత్రాలు అంటగట్టేవారి మాటలు నమ్మకండి. రక్తపు క్షారస్థితిని 7.35 నుంచి 7.45 మధ్య నిలిపి ఉంచే పని మీ ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ రేయింబవళ్ళు చేస్తూనే ఉంటాయి. ఒక గ్లాసు నీళ్ళు దానిని మార్చలేవు. ఆ మోసం గురించి వేరే వ్యాసం రాయాలి. ఇక్కడ వదిలేస్తున్నాను.

"మన జఠరంలోనూ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే ఉంది కదా, సీసాలోనూ అదే కదా, అంత భయమెందుకు" అని ఒక సైన్సు విద్యార్థి నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. జఠరంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్నదని 1824లోనే విలియం ప్రౌట్ అనే ఆంగ్ల వైద్యుడు నిరూపించాడు. కానీ ఆ ఆమ్లం గాఢత సుమారు అర శాతం. దానిని కూడా భరించడానికి జఠరం తన లోపలి గోడకు మందమైన జిగురు పొరను, దాని అడుగున బైకార్బొనేటును నిరంతరం స్రవింపజేసుకుంటూ ఉంటుంది. ఆ పొర కాస్త పలుచబడితే చాలు, పుండు పడుతుంది. అదే ఆమ్లం పైకి ఎగదన్ని అన్నవాహికను తాకితే ఛాతీలో మంట ఎలా ఉంటుందో మీలో చాలామందికి అనుభవమే. ఇక కర్మాగారం నుంచి వచ్చే హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాఢత ముప్పై శాతానికి పైన. అంటే జఠరంలోని దాని కంటే అరవై రెట్లు. దుకాణదారు అందులో ఎన్ని నీళ్ళు కలిపాడో ఆయనకే తెలియాలి. ఒక్కొక్కసారి ఆయనకూ తెలియదు. పేరున్న సంస్థలు అమ్మే మరుగుదొడ్డి ద్రవంలో ఈ ఆమ్లం సాధారణంగా పది శాతం చుట్టూ ఉంటుంది, ఆ సంగతి సీసా మీద రాసి ఉంటుంది, మూత పిల్లలకు సులభంగా రాదు, ద్రవం చిక్కగా, రంగుగా ఉండి తాగే వస్తువు కాదని చూడగానే తెలుస్తుంది. పేరులేని సీసాలోనిది మంచినీళ్ళలా ఉంటుంది, లేదా లేత పసుపు రంగులో నిమ్మరసంలా ఉంటుంది.

ఆమ్లపు తీవ్రతను కొలిచే పీహెచ్ మానం 1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ప్రతిపాదించినది. అందులో ఒక్క అంకె తగ్గితే తీవ్రత పదిరెట్లు పెరుగుతుంది. పెరుగు నాలుగున్నర దగ్గర, నిమ్మరసం రెండు దగ్గర ఉంటాయి. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సున్నా కంటే కిందికి దిగిపోతుంది. నిమ్మరసానికీ దానికీ మధ్య ఉన్నది వందల రెట్ల తేడా.

ఇప్పుడు ఆ ద్రవం ఒక గుక్క లోపలికి వెళితే ఏమి జరుగుతుందో చెప్పనివ్వండి. చదవడానికి కష్టంగా ఉంటుంది. చూడడం ఇంకా కష్టం.

ఆమ్లం తగిలిన చోట కణజాలంలోని మాంసకృత్తులు గడ్డకట్టిపోతాయి. పాలలో నిమ్మరసం పిండితే విరిగినట్లు, నోటి నుంచి జఠరం వరకు ఉన్న మెత్తని పొర తెల్లబడి, తరువాత నల్లబడి, చచ్చిపోతుంది. గొంతు వాచి ఊపిరి ఆడకపోవచ్చు. జఠరం దిగువ ద్వారం ఆ మంటకు బిగుసుకుపోతుంది. అందువల్ల ఆమ్లం అక్కడే నిలిచి గోడను తొలిచివేస్తుంది. కొందరికి తొలి రెండు మూడు రోజులలోనే జఠరానికి రంధ్రం పడి ప్రాణం పోతుంది. బతికి బయటపడ్డాడు అనుకున్నవారికి అసలు శిక్ష అప్పుడు మొదలవుతుంది. కాలిన చోట మచ్చకట్టే క్రమంలో అన్నవాహిక ముడుచుకుపోవడం మూడవ వారం నుంచి కనబడుతుంది. మొదట ముద్ద దిగదు. తరువాత జావ దిగదు. చివరికి తన ఉమ్మిని తానే మింగలేక పక్కన ఒక గిన్నె పెట్టుకుని కూర్చుంటాడు మనిషి. ఎండోస్కోపీ ద్వారా ఆ ఇరుకును కొంచెం కొంచెంగా సాగదీయాలి. కొందరికి నెలకు రెండుసార్లు చొప్పున ఏళ్ళ తరబడి సాగదీయవలసి వస్తుంది. అదీ ఫలించకపోతే పెద్దపేగులో ఒక భాగాన్ని కోసి తెచ్చి అన్నవాహిక స్థానంలో అమర్చే పెద్ద శస్త్రచికిత్స చేయాలి. జఠరం దిగువ ద్వారం మూసుకుపోయినవారికి తిన్నదంతా వాంతి అవుతుంది. వారికి మరో శస్త్రచికిత్స. పేగులోకి గొట్టం వేసి ద్రవాహారం ఎక్కిస్తూ నెలలు గడిపినవారిని నేను ఎరుగుదును.

ఒక కౌలు రైతు మాసూళ్ళ కాలంలో మధ్యాహ్నపు ఎండలో ఇంటికి వచ్చి, దాహంతో, అరుగు మీద ఉన్న శీతల పానీయపు సీసా ఎత్తి రెండు గుక్కలు తాగాడు. భార్య ఆ ఉదయమే మరుగుదొడ్డి కడిగి, మిగిలిన యాసిడ్‌ను అక్కడ పెట్టి, బిందె పట్టుకుని కుళాయి దగ్గరకు వెళ్ళింది. మొదటి గుక్కతోనే తెలియలేదా అని మీరు అడగవచ్చు. దాహంగా ఉన్నవాడు రుచి చూస్తూ తాగడు, గటగటా పోసుకుంటాడు. ఆ మనిషి ఎత్తు ఆరడుగులకు దగ్గర. ఆరు నెలల తరువాత నా దగ్గరకు వచ్చినప్పుడు బరువు ముప్పైఎనిమిది కిలోలు. సొంత సెంటు భూమి లేనివాడు, అప్పు మీద అప్పు చేసి ఎండోస్కోపీలకు తిరిగాడు. ఆ ఇంట్లో ఎవరు తప్పు చేశారు? భార్యనే అందరూ తిట్టారు, ఆమె కూడా తనను తాను తిట్టుకున్నది. నేను అడుగుతున్నాను: తాగే వస్తువు సీసాలో తాగకూడని వస్తువు పోసి, పేరు రాయకుండా, ఆమెకు అమ్మినవాడి మాటేమిటి? అమ్ముతున్నాడని తెలిసీ చూడనట్లు ఊరుకున్న యంత్రాంగం మాటేమిటి?

పిల్లల సంగతి చెప్పనవసరం లేదు. మూడేళ్ళ పిల్లకు చదవడం రాదు, కానీ ఆకుపచ్చ సీసాలో తియ్యటి నీళ్ళుంటాయని వస్తుంది. ఇక క్షణికావేశంలో చేతికందినది తాగేసేవారు ఇంకొకరు. అత్తాకోడళ్ళ మాట పట్టింపు, పరీక్ష ఫలితం, భర్త తాగివచ్చి చేసిన అల్లరి. ఆ ఉద్రేకం చాలామందిలో కొద్ది గంటలలోనే చల్లారిపోతుంది. ఆ కాసేపు చేతికి ఏమి అందుతుందన్న దాని మీద వారి మిగిలిన జీవితం ఆధారపడి ఉంటుంది. ఇంట్లో ప్రమాదకరమైన వస్తువు లేకపోవడమే ఒక చికిత్స అని వైద్యశాస్త్రం చెబుతుంది. మీ ఇంట్లో ఎవరైనా అటువంటి బాధలో ఉన్నట్లు తోస్తే వారిని ఒంటరిగా వదలకండి; టెలీ మానస్ వారి 14416 సంఖ్యకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

తాగడం ఒక్కటే ప్రమాదం కాదు. మన ఊళ్ళలో మురుగు కాల్వల పక్కన బ్లీచింగ్ పౌడరు చల్లడం అందరికీ తెలుసు. చెరువుల రైతుల ఇళ్ళలో అది బస్తాలతో ఉంటుంది. మరుగుదొడ్డి బాగా శుభ్రపడాలని ముందు బ్లీచింగ్ చల్లి, దాని మీద యాసిడ్ పోసేవారున్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలిన వాయువు అదే. తలుపు వేసి, కిటికీ లేని నాలుగడుగుల గదిలో దానిని మీరే మీ మీదకు వదులుకుంటున్నారు. ఉబ్బసం ఉన్నవారికైతే ఒక్క పీల్పు చాలు. ద్రవరూపపు బ్లీచు కలిపినా ఇదే ఫలితం.

ఇక నా వాదనకు సమాధానంగా వినవచ్చే మాటలు. వీటిని నేను చాలాసార్లు విన్నాను.

కత్తితోనూ హత్య చేయవచ్చు, కత్తులు అమ్మడం మానేస్తామా అంటారు. కత్తిని చూసినవాడికి అది కత్తి అని తెలుస్తుంది. కత్తిని ఎవరూ కొబ్బరి బొండాం ఆకారంలో చేసి అమ్మరు. పైగా నేను అమ్మకం మానమనడం లేదు. పేరు రాసి, సరైన సీసాలో, అడిగి, రాసుకుని అమ్మమంటున్నాను. పురుగుమందుల దుకాణదారు లైసెన్సు తీసుకుంటున్నాడు, బిల్లు ఇస్తున్నాడు, డబ్బా మీద రంగు త్రిభుజం ముద్రించి ఉంటోంది. బంగారు పనివారు వాడే నత్రికామ్లం, బ్యాటరీ పనివారు వాడే గంధకామ్లం కూడా ప్రమాదకరమైనవే. కానీ ఆ పనివారికి తమ చేతిలో ఉన్నది ఏమిటో తెలుసు. గంధకామ్లంలో నీళ్ళు పోయకూడదు, నీళ్ళలోనే ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా కలపాలని బ్యాటరీ దుకాణంలో పని నేర్చుకునే కుర్రవాడికి మొదటి రోజే చెబుతారు. గృహిణికి ఎవరు చెప్పారు?

పేదవారి వస్తువు, చవక అంటారు. నాకు అత్యంత కోపం తెప్పించే మాట ఇది. పేదవాడికి చవకగా దొరకవలసినది ప్రమాదమా? ముప్పై రూపాయల సీసా ఒకటి తెచ్చిపెట్టే ఒక్కొక్క ఎండోస్కోపీకి ఆ కుటుంబం కూలిడబ్బులు ఎన్ని రోజులవి పోతాయో లెక్క వేయండి. పెద్ద ఇళ్ళలో మరుగుదొడ్డి కడిగేది కూడా పనిమనిషే. ఆమెకు చేతి తొడుగులు ఇచ్చిన ఇల్లు ఎన్ని? ఆమె దగ్గుతూ బయటికి వచ్చి కొంగుతో ముక్కు మూసుకోవడం మీరు చూడలేదా?

యాసిడ్ లేనిదే గార పోదంటారు. ఆ గార ఏమిటి? బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు పలక మీద గట్టిపడినది. దానిని కరిగించడానికి బలహీనమైన ఆమ్లం చాలు, కాకపోతే కొంత సమయం ఇవ్వాలి. కిరాణా దుకాణంలోనే నిమ్మ ఉప్పు దొరుకుతుంది, అదే సిట్రిక్ ఆమ్లం. రెండు మూడు చెంచాలు గోరువెచ్చని నీటిలో కరిగించి, మరక మీద పోసి, గంటసేపు ఉంచి బ్రష్షుతో రుద్దండి. వెనిగరు కూడా పనిచేస్తుంది. మొండి మరకకు రాత్రంతా ఉంచాలి. నిజానికి గాఢ ఆమ్లం గారతో పాటు పలకల మధ్య సిమెంటునూ, పాలరాతినీ, కుళాయిల పూతనూ తినేస్తుంది. నేల గరుకుబారి మళ్ళీ మరింత త్వరగా మురికి పడుతుంది, మళ్ళీ యాసిడ్ కొంటారు. సెప్టిక్ ట్యాంకులో మలాన్ని జీర్ణం చేసే సూక్ష్మజీవులను కూడా అది చంపుతుంది. శుభ్రత పేరిట మనం చేస్తున్న పని ఇది.

దాడుల మాట ఇంకా ఎత్తనే లేదు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. కొద్ది వారాలకే వారిలో ఒకరు కన్నుమూశారు. దాడి జరిగిన మూడు రోజులకే నిందితులు ముగ్గురూ పోలీసు కాల్పులలో మరణించారు, వీధుల్లో పూలు చల్లారు. చర్చ అంతా శిక్ష చుట్టూనే తిరిగింది. ఆ ద్రవం అంత సులువుగా చేతికి ఎలా వస్తున్నదన్న ప్రశ్నకు అందులో పదోవంతు స్థానం కూడా దక్కలేదు. ఆ ప్రశ్నను న్యాయస్థానంలో పట్టుదలగా అడిగినది 2005లో ఢిల్లీలో దాడికి గురైన లక్ష్మి అనే యువతి. ఆమె వేసిన వ్యాజ్యంలోనే నేను పైన చెప్పిన ఉత్తర్వు వచ్చింది. అదే ఉత్తర్వులో బాధితులకు కనీసం మూడు లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని, అందులో లక్ష రూపాయలు పదిహేను రోజులలోగా అందాలని ఆదేశించారు. 2015 ఏప్రిల్‌లో మరొక ఉత్తర్వుతో ప్రైవేటు ఆసుపత్రులు కూడా వారికి ఉచిత చికిత్స నిరాకరించరాదని చెప్పారు. 2013లోనే శిక్షాస్మృతిలో 326ఎ సెక్షన్ చేర్చి కనీసం పదేళ్ళ జైలుశిక్ష విధించారు. నేటి భారతీయ న్యాయ సంహితలో అది 124వ సెక్షన్.

శిక్ష పెంచడం సులభం, దానికి శాసనసభలో ఒక రోజు చాలు. సరఫరాను అదుపు చేయడానికి ప్రతి రోజూ పని చేయాలి. అదే మనకు చేతకావడం లేదు. బంగ్లాదేశ్ 2002లో ఒక చట్టంతో శిక్షను, ఇంకొక చట్టంతో యాసిడ్ దిగుమతి, నిల్వ, అమ్మకాలను అదుపు చేసింది. ఆ తరువాతి దశాబ్దంలో అక్కడ దాడులు బాగా తగ్గాయి. ఇంగ్లండులో 2019 నాటి చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపువారికి గాఢ ఆమ్లాలు అమ్మడం నేరం. మన దగ్గర 1919 నాటి విషపదార్థాల చట్టం ఉంది, సుప్రీంకోర్టు ఉత్తర్వు ఉంది, అమలు చేయవలసిన అధికారి ఎవరో కూడా ఆ ఉత్తర్వులోనే రాసి ఉంది. లేనిదల్లా ఒక తనిఖీ. 2022 డిసెంబరులో ఢిల్లీలో ఒక పాఠశాల బాలిక మీద దాడి జరిగినప్పుడు ఆ యాసిడ్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించారని పోలీసులు చెప్పిన తరువాతే, ఆన్‌లైన్ అంగళ్ళకు కేంద్రం నోటీసులు పంపింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటు. ఇక్కడ కాలుతున్నవి ముఖాలు.

దుకాణదారును మాత్రమే దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన కూడా పేరులేని డబ్బాలలోనే సరుకు తెచ్చుకుంటున్నాడు. కర్మాగారం నుంచి ట్యాంకరులో బయలుదేరినప్పుడు ఆ ద్రవానికి ప్రమాద ఫలకం, పత్రాలు, డ్రైవరుకు శిక్షణ, అన్నీ ఉంటాయి. చేతులు మారిన కొద్దీ ఒక్కొక్క రక్షణా రాలిపోయి, చివరికి అత్యంత అమాయకుల చేతికి వచ్చేసరికి వట్టి సీసా మిగులుతుంది. ఈ గొలుసులో మధ్య లంకెను పట్టుకోవాలి. డబ్బాలలో తెచ్చి సీసాలలో నింపి పంచే టోకు వ్యాపారులు ఒక్కొక్క పట్టణంలో ఎందరుంటారు? వేళ్ళ మీద లెక్కించవచ్చు. వారి గోడౌన్ల మీద ఒక్క వారం తనిఖీ చేస్తే పేరులేని సీసాలు చాలావరకు మాయమవుతాయి. వర్తక సంఘం వారు తలచుకుంటే తనిఖీ కూడా అక్కరలేదు. తాపేశ్వరం కాజా పెట్టె మీద తయారీ తేదీ ముద్రించి అమ్మడం తెలిసిన ప్రాంతం మనది. ప్రాణం తీసే ద్రవం మీద దాని పేరు ముద్రించలేమా?

ఈలోగా ప్రమాదం జరిగితే ఏమి చేయాలో తెలుసుకుని ఉండండి, ఎందుకంటే మన ఇళ్ళలో జరిగే ప్రథమ చికిత్సలో సగం హానికరమైనది.

యాసిడ్ తాగినవారిచేత వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు, వేలు గొంతులో పెట్టడం, ఏదీ వద్దు. కిందికి దిగేటప్పుడు కాల్చినది పైకి వచ్చేటప్పుడు మరొకసారి కాలుస్తుంది, ఊపిరితిత్తులలోకి కూడా పోవచ్చు. వంటసోడా కలిపి తాగించకూడదు. ఆమ్లంతో కలిసి వేడి, వాయువు పుట్టి జఠరం చిట్లవచ్చు. నోరు నీటితో పుక్కిలించి ఉమ్మించండి. మరేమీ తాగించకుండా, 108కి ఫోను చేసి, ఎండోస్కోపీ సదుపాయం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. సీసాను కూడా వెంట తీసుకువెళ్ళండి. బాగానే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు అని ఇంట్లో ఉంచుకోకండి. పెదవుల మీద ఏ మచ్చా లేకున్నా లోపల కాలి ఉండవచ్చు. మొదటి ఇరవైనాలుగు గంటలలో చేసిన ఎండోస్కోపీ చికిత్స దారిని నిర్ణయిస్తుంది.

చర్మం మీద పడితే బట్టలు, నగలు వెంటనే తీసివేసి, ధారగా పారే నీటి కింద కనీసం ఇరవై నుంచి ముప్పై నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుంటూ కడగండి, ఎందుకంటే అయిదు నిమిషాలే అరగంటలా అనిపిస్తుంది. పసుపు, కొబ్బరినూనె, పళ్ళపేస్టు, సిరా, సున్నం, ఏదీ పూయవద్దు. కంట్లో పడితే రెప్పలు విడదీసి పట్టుకుని, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు నీళ్ళు పారేటట్లు, రెండవ కంట్లోకి పోకుండా, అంతసేపూ కడగాలి. కడగకుండా ఆసుపత్రికి పరుగెత్తితే దారిలోనే చూపు పోతుంది. ముందు నీళ్ళు, తరువాత ఆటో.

ఈ రోజు సాయంత్రం మీ ఇంట్లో పేరులేని సీసా ఉంటే బయటికి తీయండి. దానిని చప్పున తూములో కుమ్మరించకండి, ఇంకొక డబ్బాలోకి మార్చకండి. సీసా నలువైపులా చెరగని సిరాతో "యాసిడ్, విషం" అని రాసి, తాళం ఉన్న చోట, పిల్లల ఎత్తుకు అందకుండా పెట్టండి. వాడదలిస్తే కిటికీ తెరిచి, చేతి తొడుగులు వేసుకుని, బకెట్టెడు నీళ్ళలో కొంచెం కొంచెంగా ఆమ్లం కలిపి ఆ ఒక్కసారితో ముగించండి. ఖాళీ సీసాను కడిగి, అడుగు కోసి పారేయండి, మళ్ళీ ఎవరూ అందులో ఏమీ నింపకుండా. మరుసటిసారి దుకాణంలో యాసిడ్ కనబడినప్పుడు కొనకండి, రిజిస్టరు చూపించమని అడగండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. నన్ను చూసి నవ్వారు. మీ వీధిలో పదిమంది అడిగిన తరువాత ఏమన్నారో నాకు రాయండి.